ప్రోస్టేట్ క్యాన్సర్‌కు రోబో ఆపరేషన్: ఫలితాల సమీక్ష

ప్రోస్టేట్ గ్రంథి పురుషుల్లో మూత్రాశయం కింద, మూత్రనాళాన్ని చుట్టుకుని ఉంటుంది. పెద్ద ఉసిరికాయంత ఉండే ఈ గ్రంథి వీర్యద్రవంలో కొంత భాగాన్ని తయారుచేస్తుంది. దాని పైభాగంలో మూత్రాశయం మెడ, కింద మూత్రాన్ని పట్టి ఉంచే కండర వలయం, రెండు పక్కల అంగస్తంభనకు అవసరమైన సన్నని నరాల కట్టలు, వెనుక పెద్దపేగు చివరి భాగం ఉంటాయి. ఈ గ్రంథికి చేసే ఆపరేషన్ కష్టమంతా ఈ ఇరుకులోనే ఉంది. క్యాన్సర్ ఉన్న గ్రంథిని ముక్క మిగలకుండా తీయాలి, చుట్టూ ఉన్నవాటికి దెబ్బ తగలకూడదు. రోబో సాయంతో చేసే ఆపరేషన్ ఈ రెండు పనులనూ పాత పద్ధతుల కంటే ఎంత మెరుగ్గా చేస్తోందన్న ప్రశ్నకు గత ఇరవై అయిదేళ్లలో చాలా పరిశోధన జరిగింది.

2022 అంచనాల ప్రకారం ప్రపంచంలో ఆ ఒక్క ఏడాదిలో సుమారు 14.7 లక్షల మందికి ప్రోస్టేట్ క్యాన్సర్ బయటపడింది, సుమారు 4 లక్షల మంది దానివల్ల చనిపోయారు. భారతదేశంలో ఏటా బయటపడుతున్న కేసులు 38 వేల దాకా ఉన్నాయి. ఆయుర్దాయం పెరిగేకొద్దీ ఈ వ్యాధి కూడా పెరుగుతుంది. 2040 నాటికి ప్రపంచంలో కేసుల సంఖ్య 2020తో పోలిస్తే రెట్టింపై 29 లక్షలకు చేరుతుందని లాన్సెట్ కమిషన్ 2024లో అంచనా వేసింది.

ఆపరేషన్ ఎవరికి

ప్రోస్టేట్ క్యాన్సర్ ఉన్న ప్రతి ఒక్కరికీ ఆపరేషన్ తగిన చికిత్స కాదు. ప్రోస్టేట్ తయారుచేసే పీఎస్‌ఏ అనే ప్రోటీన్‌ను కొలిచే రక్తపరీక్ష, ఎమ్మారై స్కాన్, బయాప్సీ, అందులో కణాల తీరు ఎంత తీవ్రమో చెప్పే గ్లీసన్ స్కోరు కలిపి చూసి డాక్టర్లు వ్యాధి తీవ్రతను అంచనా వేస్తారు. నెమ్మదిగా పెరిగే చిన్న క్యాన్సర్ అయితే వెంటనే కోయకుండా, పీఎస్‌ఏ, స్కాన్, బయాప్సీలతో గమనిస్తూ ఉండటం ఇప్పుడు ఆమోదం పొందిన పద్ధతి. గ్రంథి లోపలే ఉన్న మధ్యస్థ, తీవ్ర స్థాయి క్యాన్సర్‌కు ఆపరేషన్ గానీ, రేడియేషన్ గానీ చేస్తారు. ఎముకలకు పాకిన దశలో గ్రంథిని తీసేయడం అసలు చికిత్స కాదు. అప్పుడు పురుష హార్మోన్‌ను తగ్గించే ఇంజెక్షన్లు, మాత్రలు, లేదా వృషణాల తొలగింపు ప్రధాన వైద్యం అవుతాయి. అందువల్ల రోబో ఫలితాల గురించి చెప్పేదంతా ముందుగా పట్టుబడిన వ్యాధికే వర్తిస్తుంది.

చేతి కోత నుంచి రోబో దాకా

గ్రంథి మొత్తాన్ని తీసేసే ఆపరేషన్‌ను 1904లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో హ్యూ హ్యాంప్టన్ యంగ్ చేశారు. ఆ తర్వాత చాలా దశాబ్దాలు ఈ ఆపరేషన్ అంటే విపరీతమైన రక్తస్రావం, మూత్రం కారడం, దాంపత్య జీవితం ముగియడం. 1982లో అదే ఆసుపత్రిలో ప్యాట్రిక్ వాల్ష్ నరాల కట్టలు ఎక్కడున్నాయో స్పష్టంగా గుర్తించి, వాటిని కాపాడుతూ గ్రంథిని తీసే పద్ధతిని చూపించారు. తర్వాత వచ్చిన మెరుగుదలలన్నీ ఆ శరీర నిర్మాణ జ్ఞానం మీద నిలబడ్డవే. 1990ల చివర పారిస్‌లో గియోనో, వాలాన్సియెన్ చిన్న రంధ్రాల గుండా ల్యాపరోస్కోపీతో ఈ ఆపరేషన్‌ను క్రమబద్ధం చేశారు. అయితే పొడవాటి, వంగని పరికరాలతో కటి లోతున కుట్లు వేయడం నేర్చుకోవడం చాలామంది సర్జన్లకు అసాధ్యంగా తోచింది.

ఆ ఇబ్బందిని తీర్చింది డావిన్చీ రోబో. 2000లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో దానితో ప్రోస్టేట్ ఆపరేషన్ జరిగింది. అయితే దాన్ని రోజువారీ వైద్యంగా మార్చింది డెట్రాయిట్‌లోని హెన్రీ ఫోర్డ్ ఆసుపత్రి. ఈ కథలో తెలుగువారికి సొంత భాగం ఉంది. అమెరికాలో సాఫ్ట్‌వేర్ సంస్థను స్థాపించిన తెలుగు పారిశ్రామికవేత్త రాజ్ వట్టికూటి 2001లో ప్రోస్టేట్ క్యాన్సర్ కృషి కోసం ఆ ఆసుపత్రికి 2 కోట్ల డాలర్ల విరాళం ప్రకటించారు. అక్కడి యూరాలజీ విభాగం వట్టికూటి యూరాలజీ ఇన్‌స్టిట్యూట్‌గా మారింది. కేరళలో పుట్టిన మణి మీనన్ నాయకత్వంలో అక్కడి సర్జన్లు రోబో ఆపరేషన్‌కు మెట్టు మెట్టుగా ఒక క్రమం ఏర్పరచారు. దానికి వట్టికూటి ఇన్‌స్టిట్యూట్ ప్రోస్టటెక్టమీ అని పేరు పెట్టారు. ప్రపంచం నలుమూలల నుంచి సర్జన్లు అక్కడికి వెళ్లి నేర్చుకున్నారు. వట్టికూటి ఫౌండేషన్ తర్వాత భారతదేశంలోనూ రోబో సర్జన్ల శిక్షణకు ఫెలోషిప్‌లు ఇచ్చింది.

రోబో అన్న పేరు విని యంత్రం తనంతట తానే కోస్తుందని అనుకోకూడదు. రోగి పొట్టపై అయిదారు చిన్న రంధ్రాలు చేసి, లోపల కార్బన్ డయాక్సైడ్ వాయువు నింపుతారు. కెమెరా, పరికరాలు పట్టుకున్న యంత్రం చేతులు ఆ రంధ్రాల గుండా లోపలికి వెళ్తాయి. కొన్ని అడుగుల దూరంలో కన్సోల్ ముందు కూర్చున్న సర్జన్ వేళ్లు, మణికట్టు ఎలా కదిలితే ఆ పరికరాలూ అలాగే కదులుతాయి. చూపు లోతుతో సహా పెద్దదిగా కనిపిస్తుంది, చేతి వణుకు పరికరం దాకా వెళ్లదు, పరికరం కొన మణికట్టులా అన్ని వైపులా తిరుగుతుంది. గ్రంథిని వీర్యకోశాలతో సహా వేరుచేసి సంచిలో పెట్టి, ఒక రంధ్రాన్ని కాస్త పెంచి బయటికి తీస్తారు. తర్వాత మూత్రాశయాన్ని మూత్రనాళానికి కలిపి కుడతారు. ఆ కుట్టు మానేదాకా, సాధారణంగా వారం పది రోజులు, మూత్రం పైపు ఉంటుంది.

ఆసుపత్రిలో కనిపించే ఫలితాలు

రోబో మేలు అన్నిటికంటే స్పష్టంగా కనిపించేది ఆపరేషన్ జరిగిన తొలి రోజుల్లో. ఎవరికి ఏ పద్ధతో లాటరీతో తేల్చి, పొట్ట కోసి చేసే ఓపెన్ ఆపరేషన్‌తో రోబోను పోల్చిన ముఖ్యమైన పరిశోధన ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో 326 మందిపై జరిగింది. దాని మొదటి ఫలితాలు 2016లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. ఓపెన్ ఆపరేషన్‌లో సగటున 1,338 మిల్లీలీటర్ల రక్తం పోగా, రోబోతో 443 మిల్లీలీటర్లే పోయింది. ఆసుపత్రిలో ఉన్న కాలం 3.27 రోజుల నుంచి 1.55 రోజులకు తగ్గింది. తొలి వారంలో నొప్పి కూడా తక్కువ. 2017లో కోక్రేన్ సంస్థ అప్పటివరకు ఉన్న ఆధారాలను సమీక్షించి ఇదే తరహా మాట చెప్పింది: రోబో, ల్యాపరోస్కోపీ పద్ధతుల్లో రక్తం ఎక్కించాల్సిన అవసరం తక్కువ, ఇంటికి వెళ్లడం త్వరగా. క్యాన్సర్ అదుపు విషయంలో మాత్రం తీర్పు చెప్పగల గట్టి ఆధారాలు అప్పటికి లేవు.

ఈ లాభాలు చిన్నవి కావు. రక్తం ఎక్కించే అవసరం తప్పడం, త్వరగా లేచి నడవడం, వయసు మళ్లిన మనిషికి ఎంతో మేలు. అయితే రోబో ఆపరేషన్‌కూ దాని ఇబ్బందులున్నాయి. గంటల కొద్దీ తల కిందికి, కాళ్లు పైకి వంచిన స్థితిలో, పొట్ట నిండా వాయువుతో ఉండాలి. గుండె, ఊపిరితిత్తుల జబ్బులు, గ్లకోమా ఉన్నవారి విషయంలో మత్తు డాక్టర్లు ముందే జాగ్రత్తగా ఆలోచించాలి. గతంలో పొట్టపై పెద్ద ఆపరేషన్లు జరిగినవారికి లోపలి అతుకుల వల్ల కష్టం పెరగవచ్చు. పేగుకు గాయం, కుట్టు దగ్గర మూత్రం కారడం, కాళ్లలో రక్తం గడ్డకట్టడం వంటి చిక్కులు అరుదైనా ఏ పద్ధతిలోనూ పూర్తిగా తప్పవు.

క్యాన్సర్ అదుపు

గ్రంథిని తీశాక పీఎస్‌ఏ పరీక్షకు అందనంతగా పడిపోవాలి. తర్వాత ఎప్పుడైనా అది 0.2 దాటి పెరుగుతూ పోతే వ్యాధి తిరగబెట్టిందని భావిస్తారు. తీసిన గ్రంథి అంచుల్లో క్యాన్సర్ కణాలు కనిపించాయా అన్నది మరో కొలమానం. బ్రిస్బేన్ పరిశోధనలో అంచుల్లో కణాలు ఓపెన్ బృందంలో 10 శాతం మందికి, రోబో బృందంలో 15 శాతం మందికి కనిపించాయి. ఆ తేడాతో ఏదీ ఖాయంగా చెప్పలేం. రెండేళ్లకు పీఎస్‌ఏ తిరిగి పెరగడం ఓపెన్ బృందంలో 9 శాతం, రోబో బృందంలో 3 శాతం. అయితే ఆపరేషన్ తర్వాతి చికిత్సలు రెండు బృందాల్లో ఒకే పద్ధతిలో జరగలేదు కాబట్టి దీన్ని రోబో గెలుపుగా తీసుకోవద్దని పరిశోధకులే హెచ్చరించారు.

దీర్ఘకాలం గురించి చెప్పే ఆధారం స్వీడన్ నుంచి వచ్చింది. అక్కడి 14 ఆసుపత్రుల్లో 2008 నుంచి 2011 వరకు ఆపరేషన్ చేయించుకున్నవారిని లాప్రో పరిశోధన ఏళ్ల తరబడి గమనించింది. ఎనిమిదేళ్లకు, తీవ్ర స్థాయి క్యాన్సర్ ఉన్నవారిలో ఆ వ్యాధితో చనిపోయినవారు రోబో బృందంలో తక్కువగా కనిపించారు. కానీ అక్కడ రోగులను లాటరీతో విడదీయలేదు. ఏ ఆసుపత్రిలో ఏ పద్ధతి ఉందో ఆ పద్ధతే జరిగింది. ఆసుపత్రుల మధ్య ఉన్న ఇతర తేడాలు ఈ ఫలితంలో కలిసి ఉండవచ్చు. హెన్రీ ఫోర్డ్ ఆసుపత్రి 2010లో ప్రచురించిన 1,384 మంది వివరాల్లో అయిదేళ్లకు పీఎస్‌ఏ పెరగకుండా ఉన్నవారు 86.6 శాతం. ఓపెన్ పద్ధతిలో పేరున్న సర్జన్ల ఫలితాలకు ఇది దీటైనది. మొత్తంగా చూస్తే క్యాన్సర్ అదుపులో రోబో పాత పద్ధతికి తీసిపోదని చెప్పవచ్చు. అంతకంటే మెరుగని చెప్పడానికి ఆధారాలు చాలవు.

క్యాన్సర్ అదుపును ఇలా విడిగా పరిశోధించి తేల్చుకోవడం ఎందుకు అవసరమో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ అనుభవం చెబుతుంది. ఆ క్యాన్సర్‌కు రోబో, ల్యాపరోస్కోపీ పద్ధతుల్లో చేసిన ఆపరేషన్ తర్వాత వ్యాధి తిరగబెట్టడం, మరణాలు ఓపెన్ కంటే ఎక్కువని 2018లో ఒక పెద్ద లాటరీ పరిశోధనలో తేలింది. ఒక అవయవంలో బాగున్న పద్ధతి మరో అవయవంలోనూ బాగుంటుందని అనుకోవడానికి లేదు.

మూత్రం పట్టు

రోగులు అన్నిటికంటే ఎక్కువగా భయపడేది మూత్రం కారడానికే. పైపు తీసిన తొలి వారాల్లో చాలామందికి దగ్గినా, తుమ్మినా, బరువెత్తినా మూత్రం కారుతుంది. నెలలు గడిచేకొద్దీ ఎక్కువమందికి తగ్గుతుంది. బ్రిస్బేన్‌లో మూడు నెలలకూ, రెండేళ్లకూ రెండు బృందాల మూత్ర సంబంధ స్కోర్లు దాదాపు సమానంగా ఉన్నాయి. స్వీడన్‌లో ఏడాదికి మూత్రం కారే సమస్య రోబో తర్వాత 21.3 శాతం, ఓపెన్ తర్వాత 20.2 శాతం. ఎనిమిదేళ్లకు అవి 27, 29 శాతాలు. రోబోను ల్యాపరోస్కోపీతో పోల్చిన జర్మనీ పరిశోధనలో మూడు నెలలకు మూత్రంపై పట్టు వచ్చినవారు రోబో బృందంలో 54 శాతం, ల్యాపరోస్కోపీ బృందంలో 46 శాతం. ఏడాది తిరిగేసరికి ఆ తేడా పోయింది.

రోబో వచ్చాక పద్ధతిలో జరిగిన మార్పులు మాత్రం తొలి నెలల్ని సులువు చేశాయి. మూత్రాశయం ముందు భాగాన్ని కదపకుండా వెనుక నుంచి గ్రంథిని చేరే పద్ధతిని ఇటలీలోని మిలాన్‌లో ఆల్డో బొక్కియార్డి 2010లో వివరించారు. డెట్రాయిట్‌లో 120 మందిపై జరిగిన లాటరీ పరిశోధనలో, పైపు తీసిన వారానికే మూత్రంపై పట్టు వచ్చినవారు ఈ పద్ధతిలో 71 శాతం, మామూలు పద్ధతిలో 48 శాతం. ఏడాది నాటికి రెండూ దగ్గరపడతాయి. గ్రంథి ముందు భాగంలో ఉన్న క్యాన్సర్లకు ఈ పద్ధతి అంత సురక్షితం కాకపోవచ్చన్న సందేహం ఇంకా పోలేదు.

ఏ పద్ధతిలో చేసినా కటి కండరాల వ్యాయామాలు ఆపరేషన్‌కు ముందు నుంచే నేర్చుకుని రోజూ చేయడం అవసరం. ఏడాది దాటినా ఎక్కువగా కారుతుంటే కృత్రిమ కండర వలయం అమర్చే ఆపరేషన్ ఉంది. కాబట్టి ఎవరూ దీన్ని జీవితాంతం మోయాల్సిన అవమానంగా భావించి ఊరుకోనక్కర్లేదు.

దాంపత్య జీవితం

ఈ విషయం ఇళ్లలోనూ, డాక్టర్ గదుల్లోనూ చాలావరకు మాటల్లోకి రాదు. స్వీడన్‌లో ఏడాదికి అంగస్తంభన సమస్య ఉన్నవారు రోబో తర్వాత 70.4 శాతం, ఓపెన్ తర్వాత 74.7 శాతం. ఎనిమిదేళ్లకు 66, 70 శాతాలు. రోబో వైపు స్వల్పమైన మొగ్గు ఉంది, కానీ రెండు పద్ధతుల్లోనూ ఎక్కువమందికి ఇబ్బంది మిగిలింది. ఫలితాన్ని నిర్ణయించేవి రోగి వయసు, ఆపరేషన్‌కు ముందు ఉన్న సామర్థ్యం, షుగర్, బీపీ, పొగతాగే అలవాటు, ఇంకా క్యాన్సర్ నరాల కట్టకు ఎంత దగ్గరగా ఉందన్నది. నరాలను ఆనుకుని ఉన్న క్యాన్సర్‌లో వాటిని కాపాడాలనుకోవడం ప్రాణానికే ముప్పు కావచ్చు. కోలుకోవడానికి రెండేళ్ల దాకా పట్టవచ్చు. మాత్రలు, ఇంజెక్షన్లు, ఇతర సాధనాలు ఉన్నాయి. భార్యాభర్తలిద్దరికీ ఈ సంగతి ముందే వివరించడం సర్జన్ బాధ్యత.

సర్జన్ అనుభవం

పద్ధతి కంటే ఫలితాన్ని ఎక్కువగా మార్చేది సర్జన్ చేసిన ఆపరేషన్ల సంఖ్య. 2007లో వచ్చిన ఓపెన్ ఆపరేషన్ల అధ్యయనంలో, పది ఆపరేషన్ల అనుభవం ఉన్న సర్జన్ చేతిలో అయిదేళ్లకు వ్యాధి తిరగబెట్టే అవకాశం 17.9 శాతం. 250 ఆపరేషన్లు చేసినవారి చేతిలో అది 10.7 శాతం. రోబోకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. అమెరికాలో రోబోలు వేగంగా వ్యాపించిన కాలపు రికార్డులపై 2009లో వచ్చిన పరిశీలనలో, చిన్న రంధ్రాల పద్ధతుల తర్వాత మూత్రం కారడం, అంగస్తంభన సమస్యల నమోదు ఓపెన్ కంటే ఎక్కువగా కనిపించింది. యంత్రం ముందు వచ్చి, నైపుణ్యం ఆలస్యంగా వచ్చినప్పుడు రోగులు నష్టపోతారని ఆ అనుభవం హెచ్చరిస్తోంది. బ్రిస్బేన్‌లో ఓపెన్ సర్జన్‌కు 1,500కు పైగా ఆపరేషన్ల అనుభవం, రోబో సర్జన్‌కు సుమారు 200 ఆపరేషన్ల అనుభవం ఉన్నాయి. అంత తేడాలోనూ ఫలితాలు సమానంగా రావడాన్ని రోబోకు అనుకూలంగా చదివేవారూ ఉన్నారు.

రేడియేషన్‌తో పోలిక

రోబోనా, ఓపెనా అన్న ప్రశ్న కంటే ముందు, ఆపరేషనా, రేడియేషనా, గమనించడమా అన్న ప్రశ్న వస్తుంది. బ్రిటన్‌లో 1,643 మందిపై జరిగిన ప్రొటెక్ట్ పరిశోధన 2023లో పదిహేనేళ్ల ఫలితాలను వెల్లడించింది. ఈ మూడు మార్గాల్లో దేన్ని ఎంచుకున్నా ప్రోస్టేట్ క్యాన్సర్‌తో చనిపోయినవారు దాదాపు 3 శాతమే. వ్యాధి దూరంగా పాకడం మాత్రం గమనింపు బృందంలో 9.4 శాతం, ఆపరేషన్ బృందంలో 4.7 శాతం, రేడియేషన్ బృందంలో 5 శాతం. పన్నెండేళ్లకు మూత్రం కోసం ప్యాడ్ వాడుతున్నవారు ఆపరేషన్ తర్వాత 24 శాతం, రేడియేషన్ తర్వాత 8 శాతం. మలవిసర్జన ఇబ్బందులు రేడియేషన్ తర్వాతే ఎక్కువ. ఆధునిక రేడియేషన్‌ను ఆపరేషన్‌తో పోల్చిన పేస్-ఏ పరిశోధనలోనూ ఇదే ధోరణి కనిపించింది. రోబో ఎంత నాజూకుగా పనిచేసినా, ఆపరేషన్ అన్నదానికే ఉన్న ఈ మూల్యాన్ని పూర్తిగా తీసేయలేదు. అందుకే మంచి ఆసుపత్రిలో రోగి యూరాలజిస్టునూ, రేడియేషన్ వైద్యుణ్నీ ఇద్దరినీ కలిశాకే నిర్ణయం తీసుకుంటాడు.

తెలంగాణలో అందుబాటు, ఖర్చు

భారతదేశంలో ప్రోస్టేట్‌కు రోబో ఆపరేషన్లు 2006 ప్రాంతంలో ఢిల్లీ ఎయిమ్స్‌లో మొదలయ్యాయి. తర్వాతి దశాబ్దంలో హైదరాబాద్ కార్పొరేట్ ఆసుపత్రులకు వచ్చాయి. ప్రభుత్వ రంగంలో 2023లో పంజాగుట్ట నిమ్స్‌లో డావిన్చీ రోబోను ప్రారంభించడం పెద్ద మలుపు. రెడ్‌హిల్స్‌లోని ఎమ్మెన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో పేదలకు రేడియేషన్, మందుల చికిత్స అందుతాయి. గురుగ్రామ్‌లో తయారవుతున్న ఎస్‌ఎస్‌ఐ మంత్ర అనే దేశీయ రోబో ధరలు దిగివస్తాయన్న ఆశ కలిగిస్తోంది. డావిన్చీ రోబో ధర పదుల కోట్ల రూపాయలు. పరికరాలను కొన్ని ఆపరేషన్లకే వాడి మార్చాలి. ఏటా నిర్వహణ ఖర్చు ఉంటుంది. ఆ భారమంతా చివరికి బిల్లులో కనిపిస్తుంది. ఆరోగ్య బీమాలో రోబో ఆపరేషన్లను మినహాయించకూడదని బీమా నియంత్రణ సంస్థ ఆదేశించింది, కానీ పాలసీలో వాటికి విడిగా పరిమితి ఉండవచ్చు. ప్రభుత్వ ఆరోగ్యశ్రీ పథకం పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెరిగింది. రోబోకు అయ్యే అదనపు ఖర్చు అందులో వస్తుందా లేదా అన్నది ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడిగి తెలుసుకోవాలి.

సంగారెడ్డి జిల్లాలో కేతకీ సంగమేశ్వరుడు కొలువైన ఝరాసంగం వంటి మండలం నుంచి చూస్తే ప్రశ్న మరోలా ఉంటుంది. అక్కడి రైతుకు దగ్గరి పెద్ద ఊరు జహీరాబాద్. ఆ తర్వాత సంగారెడ్డి ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రి. రోబో ఉన్న హైదరాబాద్ సుమారు వంద కిలోమీటర్ల దూరం. ఆసుపత్రిలో ఒకటి రెండు రోజులు తగ్గడం, త్వరగా పొలం పనికి తిరిగి వెళ్లగలగడం ఆ కుటుంబానికి నిజమైన ఆదా. కానీ పైపుతో ఇంటికి వచ్చాక దాన్ని శుభ్రంగా ఉంచుకోవడం, జ్వరం వస్తే, పైపు మూసుకుపోతే ఎవరికి ఫోన్ చేయాలో తెలియడం, తర్వాత ఏళ్ల తరబడి పీఎస్‌ఏ పరీక్షలు తప్పకుండా చేయించుకోవడం కూడా చికిత్సలో భాగాలే. పరీక్షకు రక్తం ఇవ్వడం జహీరాబాద్‌లో, సలహా హైదరాబాద్ డాక్టర్ నుంచి ఫోన్‌లో అన్న ఏర్పాటు ముందే చేసుకుంటే ప్రయాణాలు తగ్గుతాయి. పీఎస్‌ఏ పెరగడం తొలిదశలోనే కనిపెడితే రేడియేషన్‌తో వ్యాధిని మళ్లీ అదుపులోకి తేవచ్చు. ఆలస్యమైతే ఆ అవకాశం సన్నగిల్లుతుంది.

పల్లెల్లో అసలు నష్టం ఇంకా ముందే జరుగుతోంది. మూత్రం సన్నగా రావడం, రాత్రిళ్లు పదేపదే లేవడం వయసు వల్లేనని సరిపెట్టుకుంటారు. ఇవి ఎక్కువసార్లు మామూలు గ్రంథి వాపు వల్లే వస్తాయి, కానీ పరీక్ష లేకుండా ఆ మాట ఎవరూ చెప్పలేరు. తొలిదశ క్యాన్సర్‌కు చాలాసార్లు ఏ లక్షణమూ ఉండదు. మూత్రంలో రక్తం పడటం, నడుము, తుంటి ఎముకల నొప్పి తగ్గకపోవడం వంటివి వచ్చేదాకా ఆగితే, కొందరికి ఏ రోబో కూడా పనికిరాని దశ వచ్చేస్తుంది.

తేలినదేమిటి

ఇంతవరకు ఉన్న ఆధారాలు కలిపి చూస్తే తీర్పు స్పష్టంగానే ఉంది. రోబో ఆపరేషన్‌లో రక్తస్రావం తక్కువ, నొప్పి తక్కువ, ఇంటికి వెళ్లడం త్వరగా. క్యాన్సర్ అదుపులో ఓపెన్ ఆపరేషన్‌కు అది తీసిపోదు. మూత్రం పట్టులో దీర్ఘకాలపు తేడా లేదు, దాంపత్య జీవితంలో ఉన్న తేడా స్వల్పం. ఈ రెండూ సర్జన్ అనుభవం మీద, వ్యాధి దశ మీద, రోగి వయసు మీద ఎక్కువగా ఆధారపడతాయి. రోబో లేని చోట చేయి తిరిగిన సర్జన్ చేసే ఓపెన్ ఆపరేషన్ రెండో రకం వైద్యం ఎంతమాత్రం కాదు. రోబో కోసం అప్పు చేసి ఆస్తులమ్ముకోవాల్సిన అవసరమూ లేదు.

ఆపరేషన్ సలహా అందుకున్న ప్రతి మనిషీ డాక్టర్‌ను కొన్ని ప్రశ్నలు అడగాలి. నా క్యాన్సర్‌కు అసలు ఆపరేషన్ అవసరమా, రేడియేషన్ గానీ, గమనించడం గానీ సరిపోతుందా? మీరు స్వయంగా ఇలాంటివి ఎన్ని చేశారు? మీ రోగుల్లో ఏడాదికి ప్యాడ్ లేకుండా ఉన్నవారు ఎంతమంది? మొత్తం ఖర్చెంత, అందులో పథకం ఎంత ఇస్తుంది? యాభై దాటిన పురుషులు, తండ్రికో అన్నదమ్ములకో ఈ క్యాన్సర్ వచ్చి ఉంటే ఇంకా ముందుగానే, పీఎస్‌ఏ పరీక్ష గురించి డాక్టర్‌తో మాట్లాడాలి. వ్యాధి గ్రంథి దాటకముందే పట్టుబడితే పైన చెప్పిన అన్ని మార్గాలూ రోగి ముందు ఉంటాయి.